ఒకే సైకిలున్న కంపెనీ

నా దుకాణంలో ఎవరికీ అన్యాయం జరగదని పాతికేళ్ళుగా నేను అందరికీ చెబుతూ వచ్చాను. ఎవరూ అడిగేవాళ్ళు కాదు, అయినా చెప్పేదాన్ని. అడక్కుండానే అన్నిసార్లు చెబుతున్నానంటే లోపల ఎక్కడో ఏదో గుచ్చుకుంటోందని నాకే అనుమానం రావలసింది. రాలేదు. నా మీద నాకు అంత నమ్మకం.

సముద్రం ఒడ్డున ఉన్న మా ఊరు హార్లింగెన్ రేవులో, దీవులకు వెళ్ళే పడవలు ఆగే చోటుకి ఎదురుగా ఉంటుంది మా దుకాణం. ఫ్రైస్, వేయించిన చేప ముక్కలు, మాంసం కూరి వేయించిన క్రోకెట్లు. వేసవిలో పడవ దిగినవాళ్ళు, ఎక్కేవాళ్ళు, పడవ తప్పిపోయి తిట్టుకునేవాళ్ళు, అందరూ మా కిటికీ ముందే నిలబడతారు. చలికాలంలో గాలి తప్ప ఎవరూ రారు. అందుకని మూడేళ్ళ కిందట, ఫోన్ చేసినవాళ్ళ ఇళ్ళకే తిండి పంపడం మొదలుపెట్టాం. మా ఆయన యెల్లె వేయిస్తాడు, నేను పొట్లాలు కడతాను, రిన్స్కె సైకిలు మీద తీసుకెళ్ళి ఇస్తుంది.

రిన్స్కెకి నలభై తొమ్మిదేళ్ళు. గుమ్మం దాటేటప్పుడు తల వంచాల్సినంత పొడుగు. పదిహేనేళ్ళు దీవుల పడవలోని వంటగదిలో పనిచేసింది. ఆ వంటగది తీసేసి దాని స్థానంలో డబ్బులేస్తే శాండ్‌విచ్ రాల్చే యంత్రం పెట్టాక మా దగ్గరికి వచ్చింది. 'మా దగ్గర పనిచేస్తుంది' అని మాత్రం నేను ఎప్పుడూ అనలేదు, అనొద్దని మా అకౌంటెంటు చెప్పాడు. కాగితాల ప్రకారం రిన్స్కె ఒక కంపెనీ. ఆ కంపెనీకి యజమాని రిన్స్కె, పనిమనిషి రిన్స్కె, ఆస్తి ఒక సైకిలు. మా దుకాణం ఆ కంపెనీ సేవలు వాడుకుంటుంది, ఇంటికి ఇంత అని చెల్లిస్తుంది. రిన్స్కెకి జ్వరం వస్తే కంపెనీకి సెలవు, ఆదాయానికీ సెలవు. ఈ ఏర్పాటు ఎంత తెలివైనదో నేను మా వదినకి ఒకసారి అరగంట సేపు వివరించాను.

క్రిస్మస్ అయిన తర్వాతి సోమవారం, మధ్యాహ్నం బేరాలు లేని వేళ, రిన్స్కె ఒక ఉత్తరం తెచ్చి కౌంటరు మీద పెట్టింది. పెట్టి దాని మీద చెయ్యి తియ్యలేదు, గాలికి ఎగిరిపోతుందేమో అన్నట్టు.

"వచ్చింది," అంది.

"ఏం వచ్చిందే?"

"ఇల్లు. పదకొండేళ్ళ నించీ లిస్టులో ఉన్నానా, నా నంబరొచ్చింది. చర్చి వెనక సందులో, రెండు గదులు, కింది అంతస్తే. వెనకాల నాలుగు కుండీలు పెట్టుకునేంత జాగా కూడా ఉంది."

ఊళ్ళో అద్దె ఇళ్ళు ఇచ్చే సంఘం లిస్టులో పేరుంటే, అది ముందుకు కదలడం చూడాలంటే ఆయుష్షు గట్టిగా ఉండాలి. నాకు నిజంగానే సంతోషమేసింది. రిన్స్కె విడాకులయ్యాక అక్క ఇంటి అటక మీద ఉంటోంది. ఏటవాలు కప్పు. ఆ గదిలో తను నిటారుగా నిలబడగలిగే చోటు ఒక్కటే ఉందని, అక్కడ అక్క తన కుట్టు మిషను పెట్టిందని నవ్వుతూ చెప్పేది.

"మరింకేం, కాఫీ పెడతా కూర్చో!" అన్నాను.

"కూర్చోనులే. ఒక కాగితం కావాలంట." వేలితో ఉత్తరంలో ఒక వరస చూపించింది. "ఫారం దీంతోనే పంపారు, పని ఇచ్చేవాళ్ళు రాసివ్వాలి. ఈవిడ మా దగ్గర పర్మనెంటు, నెలకింత జీతం అని. వచ్చే వారం శుక్రవారం పన్నెండు గంటల్లోపు. లేకపోతే లిస్టులో నా వెనకాలున్నవాళ్ళకి వెళ్ళిపోద్ది."

"నీకు కంపెనీ ఉందిగా. దాని లెక్కలు చూపిస్తే సరిపోదూ?"

"చూపించా. నా కంపెనీని వాళ్ళు నమ్మట్లేదు." ఉత్తరం తన వైపు లాక్కుని, "నిజం చెప్పాలంటే నేను కూడా నమ్మట్లేదు ఫెన్నా," అంది.

నాకు కాదనే ధైర్యమూ లేదు, సరేననే ఉద్దేశమూ లేదు. నూనె ధర గురించి మాట్లాడాను. కరెంటు బిల్లు గురించి మాట్లాడాను. చలికాలం గురించి, దాన్ని నేనే కనిపెట్టినంత వివరంగా మాట్లాడాను. రిన్స్కె అన్నీ విని, ఉత్తరం మడిచి లోపలి జేబులో పెట్టుకుంది. ఆ మడవడం చూస్తే నాకే ఏదోలా అనిపించింది. అలా ఏదోలా అనిపించినప్పుడు నా బుర్ర భలే చురుగ్గా పనిచేస్తుంది, తప్పించుకునే దారి వైపు.

"ఆగవే, నాకో ఆలోచన వచ్చింది," అన్నాను. "అసలు నీకు డబ్బులు తక్కువ పడుతున్నది నా దగ్గర కాదు, ఊరి దగ్గర. మనవాళ్ళు టిప్పు ఇవ్వరు. పిసినారులై కాదు, మర్చిపోతారు. గుర్తుచేస్తే ఇస్తారు. పేపరు వేసేవాళ్ళు ఏం చేస్తారు? మనం కూడా కార్డులు వేయిద్దాం!"

కొత్త సంవత్సరం మొదటి వారంలో పేపరు వేసేవాళ్ళు శుభాకాంక్షల కార్డు పట్టుకుని ఇంటింటికీ వచ్చి బెల్లు కొట్టడం మా తాతల నాటి నుంచీ ఉన్నదే. ఏడాదంతా జేబు తెరవని మనిషి కూడా ఆ వారం తలుపు పక్క కిటికీలో చిల్లర పేర్చి పెట్టుకుంటాడు. పేపరుకి ఇచ్చినవాళ్ళు ఫ్రైస్‌కి ఇవ్వరా?

"వాళ్ళకి కావల్సింది చిల్లర కాదు, సంతకం," అంది రిన్స్కె.

"ముందు చిల్లర రానీ. సంతకం సంగతి తర్వాత చూద్దాం."

"సరే. కానీ నాతో నువ్వూ వస్తేనే. కార్డు నేనిస్తా, బెల్లు నువ్వు కొట్టాలి."

"నేనెందుకూ?"

"ఆలోచన నీది కాబట్టి."

కార్డులు మర్నాడే అచ్చయ్యాయి. 'మీ ఇంటికి భోజనం తెచ్చే రిన్స్కె మీకు కొత్త సంవత్సర శుభాకాంక్షలు తెలుపుతోంది' అని ముందు వైపు, చిన్న సైకిలు బొమ్మతో. వెనక వైపు ఖాళీగా ఉంది. ఖాళీ కాగితం చూస్తే మా ఊళ్ళో ఎవరికైనా కడుపు తరుక్కుపోతుంది కాబట్టి అక్కడ మా కొత్త ధరల పట్టిక వేయించాను.

కొత్త సంవత్సరం మొదటి శనివారం పదింటికి బయల్దేరాం. దుకాణం యెల్లెకి అప్పగించాను. వట్టి చేతులతో వెళ్ళడమెందుకని అప్పటికి వచ్చిన ఆర్డర్లు కూడా రిన్స్కె సైకిలు ముందున్న పెట్టెలో వేసి, నా సైకిలు మీద వెనకాలే వెళ్ళాను. సైకిలు తొక్కడం నాకు కొత్తేం కాదు, మేమంతా నడక కన్నా ముందు అదే నేర్చుకుంటాం. కానీ సముద్రానికి అడ్డంగా వేసిన కట్ట మీదికి ఎక్కేసరికి అటు నుంచి గాలి ఛాతీ మీద చెయ్యి పెట్టి వెనక్కి తోసింది. రిన్స్కె ఆ పెట్టె బరువుతో నా ముందే వెళ్ళిపోతోంది, తల కూడా తిప్పకుండా.

మొదటి గుమ్మం హెసెల్ వీర్డా గారిది. కాలవ ఒడ్డున పెద్ద ఇల్లు, ఇంటి ముందు ఇల్లంత పడవ. బెల్లు కొట్టాను. వీర్డా గారు కళ్ళజోడు పెట్టుకుని కార్డు ముందు వైపు చదివారు, తిప్పి వెనక వైపు ఇంకా శ్రద్ధగా చదివారు.

"చేప ముక్కలు యాభై సెంట్లు పెంచేశారే!"

"చేపలు పెంచాయండీ," అన్నాను.

"ఇంటికి తెచ్చినందుకు మూడున్నర యూరోలు అలాగే ఉంచారు, సంతోషం. అది ఈవిడకేగా వెళ్ళేది?"

"ఆ... చాలావరకు."

"చాలావరకంటే?"

నేను పడవ ఎంత బాగుందో చెప్పడం మొదలుపెట్టాను. వీర్డా గారు పడవంటే ఎంతసేపైనా వింటారు. ఆఖరికి లోపలికి వెళ్ళి, యాభై సెంట్ల నాణెం ఒకటి తెచ్చి రిన్స్కె అరచేతిలో పెట్టి, ఆ చేతిని రెండు చేతులతో మూసి, మెడల్ బహూకరించినట్టు నిలబడ్డారు.

"చేప ముక్కల మీద పెరిగింది ఈవిడకి ఇచ్చేశాలే," అన్నారు నాతో.

రెండో గుమ్మం దగ్గర గుమ్మం కాదు, మెట్లు. ఆ పాత ఇళ్ళలో మెట్లంటే నిచ్చెనకి తివాచీ పరిచినట్టుంటాయి. మూడో అంతస్తుకి చేరేసరికి నాకు ఊపిరి అందలేదు. తలుపు తీసిన అమ్మాయి చంకలో బిడ్డ, చేతిలో ఫోను.

"అయ్యో, నగదు ఒక్క సెంటు లేదు! ఫోనుకి డబ్బు కట్టే లింకు పంపండి, వెంటనే వేసేస్తా," అంది.

మా ఊళ్ళో ఈ తరం పిల్లలు స్నేహితురాలింట్లో తిన్న సగం కేకుకి కూడా లింకు పంపించుకుంటారు. నా దగ్గర లింకు లేదు. ఉన్నా ఏమని రాయాలి?

"ఏమనుకోకండి రిన్స్కె," అంది ఆ అమ్మాయి మళ్ళీ, ఇబ్బందిగా. "ఇన్నాళ్ళూ నేను కావాలనే టిప్పు ఇవ్వలేదు. మంచి జీతం ఉన్న మనిషి చేతిలో చిల్లర పెడితే చిన్నబుచ్చుకుంటారేమోనని. మొన్నొకసారి దుకాణంలో ఫెన్నా గారే అన్నారుగా, మా దగ్గర ఎవరికీ అన్యాయం జరగదని."

రిన్స్కె బిడ్డ బుగ్గ గిల్లి, "చిన్నబుచ్చుకోనమ్మా," అంది.

కిందికి దిగేటప్పుడు నేను గోడ పట్టుకుని దిగాను. "ఇన్ని మెట్లని ఎప్పుడూ చెప్పలేదేమే?" అన్నాను.

"నువ్వివాళ వట్టి చేతులతో ఎక్కావు," అంది రిన్స్కె.

మూడో గుమ్మం దగ్గరికి వచ్చేసరికి బెల్లు కొట్టడానికి నాకు చెయ్యి రాలేదు. అది ఔకెమా టీచరు గారి ఇల్లు. మూడో తరగతిలో నాకు లెక్కలు చెప్పింది ఆవిడే. ఇప్పుడు ఎనభై దాటాయి. వెన్ను మాత్రం ఇప్పటికీ స్కేలు పెట్టి గీసినట్టే ఉంటుంది. లోపలికి రమ్మని కాఫీ ఇచ్చారు. బిస్కెట్ల డబ్బా తెరిచి చెరొకటి ఇచ్చి, మూత పెట్టేశారు. మా దగ్గర డబ్బా మూత పడిందంటే మర్యాద పూర్తయినట్టే. తర్వాత కార్డు చదివారు.

"ఇంటికి తెచ్చినందుకు నా దగ్గర మూడున్నర తీసుకుంటున్నావు కదా ఫెన్నా. అందులో రిన్స్కెకి ఎంత?"

"చాలావరకు, టీచర్."

"చాలావరకు అనేది అంకె కాదు."

"రెండున్నర, టీచర్."

"మిగతా యూరో?"

"అది... పెట్టె అరుగుతుంది కదా టీచర్. సైకిలు మీది పెట్టె."

టీచరు గారు కిటికీలోంచి సైకిలు వైపు చూశారు. "పెట్టె ఎవరిది?"

నేను బిస్కెట్టు నములుతున్నాను. సమాధానం రిన్స్కె చెప్పింది. "నాదే టీచర్. నేనే కొనుక్కున్నా."

అరవై ఒక్కేళ్ళ మనిషిని నేను, ఇద్దరు మనవలున్నారు. అయినా ఆ క్షణాన ఆ కుర్చీలో నా కాళ్ళు నేలకి అందుతున్నాయో లేదో చూసుకున్నాను. టీచరు గారు కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

"చూడు ఫెన్నా, నువ్వు నన్నెలాంటి చిక్కులో పెట్టావో," అన్నారు. "నేను టిప్పు ఇస్తే, నువ్వివ్వాల్సింది నేనిస్తున్నట్టు. ఇవ్వకపోతే, ఇంత గాలిలో నా కోసం వచ్చిన మనిషి నష్టపోతున్నట్టు. రెండూ తప్పు లెక్కలే. నాకు తప్పు లెక్కలు చెయ్యడం ఇష్టముండదని నీకు తెలుసు."

అని లేచి, పర్సు తెచ్చి, ముఖం ముడుచుకునే రెండు యూరోలు రిన్స్కెకి ఇచ్చారు. నాకు కొత్త సంవత్సర శుభాకాంక్షలు చెప్పారు. చెప్పక తప్పదు కాబట్టి చెప్పినట్టు తెలిసిపోయింది.

బయటికి రాగానే నాకు ఒళ్ళు మండిపోయింది. తప్పు మనదైనప్పుడు వచ్చే కోపం మామూలు కోపం కన్నా రెండింతలుంటుంది.

"నన్ను ఊరేగించడానికే కదే తీసుకొచ్చావు!" అన్నాను. "గుమ్మం గుమ్మానికీ నా పరువు తియ్యడానికి!"

"నేనేమన్నా? ఒక్కచోట పెట్టె నాదన్నా, అంతే." రిన్స్కె సైకిలు తాళం తీస్తోంది. "నేను అడుక్కుంటున్నా ఫెన్నా, నువ్వు నా పక్కన నిలబడ్డావు. ఇద్దర్లో ఎవరికి ఎక్కువ సిగ్గుగా ఉందో నాకు తెలీదు. నాకైతే చాలా సిగ్గుగా ఉంది."

గొంతు పెంచలేదు, ఏడవలేదు, ఉన్నమాట చెప్పింది. మిగిలిన కార్డులు ఇంకో ముప్ఫై దాకా ఉన్నాయి. తర్వాతి ఇల్లు ఎడమ వైపు. రిన్స్కె సైకిలు కుడి వైపు తిప్పింది.

"ఇటెక్కడికి?"

"పన్నెండు కావస్తోంది. మీ నాన్నకి భోజనం."

రెండేళ్ళ కిందట నాన్న తుంటి ఎముక విరిగింది. అప్పటి నుంచీ దుకాణం తెరిచే ఆరు రోజులూ ఆయన మధ్యాహ్నం భోజనం నేనే పంపుతున్నాను. దుకాణం మూసే ఆదివారం నాడు నేనే వెళతాను. 'మా ఫెన్నా రోజూ తిండి పంపుతుంది' అని నాన్న చెప్పుకుంటారని విన్నాను, విని పొంగిపోయాను కూడా. నాన్న ఉండేది కట్ట పక్కనున్న పెద్దవాళ్ళ భవనంలో, నాలుగో అంతస్తు. అదృష్టం, లిఫ్టు ఉంది. ఆ లిఫ్టులో ఉండగానే నాకొక లెక్క తట్టింది. తట్టకపోయినా బాగుండేది.

నాన్న గిరాకీ కాదు. గిరాకీ కాదు కాబట్టి బిల్లు లేదు. బిల్లు లేదు కాబట్టి ఇంటికి తెచ్చినందుకు మూడున్నరా లేదు, అందులో రిన్స్కెకి రెండున్నరా లేదు. రెండేళ్ళుగా ఈ కట్ట మీద ఈ గాలిలో ఆవిడ మా నాన్నకి భోజనం తెస్తున్నది ఉత్త పుణ్యానికి. నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు, కాగితాల్లో ఎక్కడా లేదు. పక్కకి తిరిగి రిన్స్కె వైపు చూశాను. తను లిఫ్టులో అంతస్తుల నంబర్లు చూస్తోంది.

బెల్లు కొట్టే పని లేకపోయింది. రిన్స్కె దగ్గర తాళంచెవి ఉంది. అది కూడా నాకు తెలియదు.

"వచ్చావా అమ్మాయ్! గాలెట్లా ఉంది?" అన్నారు నాన్న కుర్చీలోంచి. నాన్న పేరు డౌవె, ఒకప్పుడు రేవులో పెద్ద ఓడల్ని లాగే పడవకి కెప్టెను. ఎనభై ఆరేళ్ళు వచ్చినా ఆయన ముందు అడిగేది గాలి గురించే.

"పడమటి గాలి, డౌవె గారూ. కట్ట మీద గట్టిగా కొడుతోంది."

"నేనన్లా, రాత్రే అన్నా." అప్పుడు నన్ను చూశారు. "ఇదేంటే, ఇవాళ ఆదివారమా?"

"కాదు నాన్నా, ఊరికే వచ్చా."

రిన్స్కె కోటు తీసి తగిలించి, పళ్ళెంలో భోజనం సర్దింది. చేపలో ముల్లు లేకుండా చూసి చిన్న ముక్కలు చేసింది. తర్వాత కిటికీ గట్టు మీంచి చిన్న సీసా తీసి, "తల పైకెత్తండి," అంది. నాన్న బుద్ధిగా తలెత్తారు. రెండు కళ్ళలో రెండేసి చుక్కలు. నాన్న కళ్ళలో మందు వేసుకుంటున్నారని కూడా నాకు ఆ పూటే తెలిసింది.

ఆ చుక్కల కళ్ళతోనే నాన్న, రిన్స్కె బల్ల మీద పెట్టిన కార్డుల్లోంచి ఒకటి తీసి చదివారు. చదివి పగలబడి నవ్వారు.

"ఏంటమ్మాయ్ ఇది! పేపరోళ్ళలాగా నువ్వు కార్డులు పంచటమేంటి? నీకేం తక్కువ? నా ఒక్కడికి తెచ్చినందుకే మా ఫెన్నా నీకు రెట్టింపు ఇస్తోందిగా!"

నేను రిన్స్కె వైపు చూశాను. తను పళ్ళెం అంచు తుడుస్తోంది.

"నేనెప్పుడు చిల్లర తీసినా వద్దంటుంది తెల్సా," అన్నారు నాన్న నాతో. "ఫెన్నా ఇస్తోంది డౌవె గారూ, మీ భోజనానికైతే రెట్టింపిస్తోంది అంటది. కింద కాఫీ గదిలో ఎవడో అన్నాడు, మీ అమ్మాయి చెయ్యి కాస్త గట్టిది కదా అని. నాకు మండింది. అరే, గట్టిదేరా, కానీ పనిచేసే మనిషి విలువ తెల్సిన పిల్ల, రిన్స్కెనే అడగండి అన్నా. ఎవ్వడూ మళ్ళీ నోరెత్తలా."

తల కొట్టేసినట్టయింది నాకు. నీళ్ళు తెస్తానని వంటగదిలోకి వెళ్ళాను. రిన్స్కె ఖాళీ పొట్లాలు పారెయ్యడానికి వెనకాలే వచ్చింది.

"ఎందుకు చెప్పావే అలాగ?" అన్నాను, నాన్నకి వినపడకుండా.

"మొదట్లో ఆయనే అడిగారు, నా కూతురు నీకు సరిగ్గా ఇస్తోందా అని. ఇవ్వట్లేదని చెప్తే ఆ ముద్ద దిగుతుందా ఆయనకి?" భుజాలెగరేసింది. "ఆయన నీ గురించి నాలుగు మంచి మాటలు చెప్పుకుంటే నాదేం పోయింది."

"నీదే కదే పోయింది. అంతా నీదే పోయింది."

రిన్స్కె కుళాయి కట్టేసింది. అది నేను తిప్పి వదిలేసిన కుళాయి.

నాకు ఏడుపొచ్చింది. నా మంచితనం గురించి ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం ఈవిడ కట్టిన కథ. ఆ కథ ఖర్చు కూడా ఈవిడే పెట్టుకుంది. పాతికేళ్ళు నేను చెప్పుకున్న మాట ఎవరైనా నమ్మారంటే ఈ మనిషి వల్లే నమ్మారు.

"ఆ కాగితం ఏదీ?" అన్నాను.

"ఏ కాగితం?"

"సంతకం కాగితమే. నీ ఒంటి మీదే ఉంటుందని నాకు తెలుసులే, తియ్యి."

లోపలి జేబులోంచి తీసింది, ప్లాస్టిక్ కవరులో. ఒక్క మడత కూడా నలగలేదు. నాన్న తింటున్న బల్ల మీదే ఇటు చివర కూర్చుని రాయడం మొదలుపెట్టాను. పేరు, పుట్టిన తేదీ, చేసే పని. వారానికి ఎన్ని గంటలు అనే చోట ఆగాను.

"ఎన్ని వెయ్యను?"

"ఇవాళ నువ్వూ తొక్కావుగా. నువ్వే చెప్పు."

ముప్ఫై రెండు వేశాను. జీతం వేశాను. అది రాసేటప్పుడు అలవాటు కొద్దీ ముందు ఒక తక్కువ అంకె తట్టింది, ఆ మాట దాచను. తర్వాత రెండు గడులు వచ్చాయి, తాత్కాలికమా, పర్మనెంటా. కలం అక్కడ గాల్లో నిలబడిపోయింది.

"ముందొక ఏడాదికి వేస్తే..." అన్నాను.

"ఏడాదికైతే ఇల్లివ్వరు ఫెన్నా."

బతిమాలలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. పదకొండేళ్ళు ఎదురుచూసిన మనిషికి ఇంకొక్క నిమిషం ఎదురుచూడటం ఎలాగో బాగా తెలుసు.

"ఏం రాస్తున్నారే ఇద్దరూ?" అన్నారు నాన్న, ఫోర్కు పక్కన పెట్టి.

నేను అబద్ధం ఆడి ఉండొచ్చు. రిన్స్కె నా కోసం మరో అబద్ధం ఆడి ఉండేది కూడా, నోరు తెరవబోయింది. అది చూశాక మాత్రం నాకు ఓపిక పోయింది, నా మీద నాకే.

"నాన్నా, నేను రిన్స్కెకి రెట్టింపు ఇవ్వట్లేదు," అన్నాను. "నీ భోజనం తెచ్చినందుకు మామూలుగా కూడా ఇవ్వట్లేదు. రెండేళ్ళ నించీ ఒక్క సెంటు ఇవ్వలేదు. నీ దగ్గర నా పరువు దక్కాలని తను అలా చెప్పింది."

నాన్న నా వైపు చూశారు, రిన్స్కె వైపు చూశారు. పళ్ళెంలో మిగిలిన చేప వైపు చూశారు. ఎనభై ఆరేళ్ళ ముఖం అంత త్వరగా ఎర్రబడటం నేనెప్పుడూ చూడలేదు.

"కింద కాఫీ గదిలో ఇప్పుడు నేనేం చెప్పాలే?" అన్నారు.

తిట్టినా అంత తగిలేది కాదు. పర్మనెంటు గడిలో గీత పెట్టాను, కాగితం చిరుగుతుందేమో అన్నంత గట్టిగా. ఈ నెల నుంచే అని తేదీ వేశాను. కింద సంతకం చేశాను. సోమవారం ఇది చూసి మా అకౌంటెంటు ఏడుస్తాడు. ఏడవనీ, వాడికి నెలనెలా జీతం ఇస్తూనే ఉన్నానుగా.

రిన్స్కె కాగితం తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చదివింది. ఇంకోసారి చదివింది. కవరులో పెట్టింది, కవరు లోపలి జేబులో పెట్టింది, జేబు మీద చెయ్యి పెట్టుకుని అలాగే కాసేపు నిలబడింది. నాకేదో థాంక్స్ చెబుతుందనుకున్నాను. చెప్పలేదు. చెప్పనందుకు మొదటిసారి నాకు కోపం రాలేదు.

నాన్న ప్యాంటు జేబులో వెతికి, రెండు యూరోల నాణెం తీసి బల్ల మీద తన వైపు నుంచి రిన్స్కె వైపు మెల్లగా జరిపారు. "ఇవాళైనా తీసుకుంటావా అమ్మాయ్? మళ్ళీ వద్దంటావా?"

"ఇవాళ తీసుకుంటా డౌవె గారూ," అంది రిన్స్కె. నాణెం తీసుకుంది. "ఇన్నాళ్ళూ మీరిచ్చుంటే అది నా జీతం అయ్యుండేది. ఇప్పుడిది మీ సంతోషం."

నాన్న తల ఊపారు. ఇంకా కాఫీ గది బెంగ తీరినట్టు లేదు. "అది సరే గానీ, నేనక్కడ అందరికీ రెట్టింపని చెప్పి కూర్చున్నానే..."

రిన్స్కె కోటు గుండీలు పెట్టుకుంటూ నవ్వింది.

"రెట్టింపు కాదు, ఒక్క జీతమేనని చెప్పండి. కాకపోతే నెలనెలా వస్తుందని చెప్పండి."